మాంసపు కోళ్ళ మేతలో సోయాచెక్కకు బదులు ఏమి వేయవచ్చును?

మాంసముకొఱకు పెంచు బ్రాయిలరు పిల్ల గ్రుడ్డునుండి వెలువడిననాడు సుమారు 40 గ్రాములు తూగును. ఆఱు వారములు నిండునప్పటికి రెండు కిలోలు దాటును. నలువది రెండు దినములలో ఏబది రెట్లు పెరుగు ప్రాణి మన దొడ్లలో మఱియొకటి లేదు. ఇంత పెరుగుదలకు మూలము మేతయే గాన, కోళ్ళ పెంపకమునకగు ఖర్చులో ఇంచుమించు మూడింట రెండు వంతులు మేతకే పోవును. ఆ మేతలో అధికభాగము మొక్కజొన్న; ఎక్కువ వెలగలది సోయాచిక్కుడు చెక్క.

2021వ సంవత్సరమున ఈ సోయాచెక్క వెల కొలది నెలలలోనే రెట్టింపునకు మించి పెరిగెను. ఆ యేడు ఆగస్టు నెలలో భారత ప్రభుత్వము, జన్యుమార్పిడి సోయాగింజలనుండి నూనె తీయగా మిగిలిన చెక్కను 12 లక్షల టన్నుల వఱకు విదేశములనుండి తెప్పించుకొనుటకు అనుమతి నొసగవలసి వచ్చెను. వెల యెక్కినప్పుడెల్లను రైతులు మమ్ము అడుగు ప్రశ్న ఒక్కటే: "సోయా మాని మన గానుగ చెక్క వేసినచో కోడి పెరుగదా?" దీనికి అవునని గాని కాదని గాని ఒక్క మాటలో చెప్పుటకు వీలులేదు. స్వయముగా మేత కలుపుకొను సభ్యులకొఱకు ఈ విషయమును కొంచెము విపులముగ వ్రాయుచున్నాము. కంపెనీవారి పిల్లలను, కంపెనీవారి మేతను తెచ్చుకొని పెంపకపు కూలి పుచ్చుకొను రైతులకు మేత మార్చు స్వాతంత్ర్యము లేదు గనుక, వారికి దీనితో పని తక్కువ.

మాంసకృత్తులనగా ఏమియో ముందు తెలిసికొనవలయును. ముద్రణాలయమున అచ్చుకూర్చువాని యెదుట అక్షరముల పెట్టె యుండునుగదా. గళ్ళు గళ్ళుగా అక్షరములుండును. వానిని కూర్చి పుటను అచ్చువేయుదురు. 'క' అక్షరములు అయిపోయినచో తక్కిన గళ్ళు నిండియున్నను పుట ముందుకు సాగదు. మాంసకృత్తులు అట్టివే. ఆమినో ఆమ్లములను ఇరువది విధముల అక్షరములచే అవి కూర్పబడినవి. కోడి తిన్న మేతలోని మాంసకృత్తులను కడుపులో విడగొట్టి, ఆ అక్షరములతో తన మాంసమును తాను కూర్చుకొనును. వీనిలో కొన్నిటిని అది తన శరీరమున పుట్టించుకొనలేదు, మేతనుండియే రావలయును. మొక్కజొన్న మేతలో ముందుగా కొఱవడునవి రెండు: లైసిను, మిథియోనిను. వీని తరువాతిది థ్రియోనిను.

ఏదేని ఒక అక్షరము కొఱవడినప్పుడు మిగిలినవి వృథాయగుట మాత్రమే గాదు, కీడును చేయును. కోడి వానిని దాచుకొనలేదు; విఱుగగొట్టి యూరికామ్లముగా రెట్టలో విడిచివేయును. రెట్ట తడియై, పొట్టు పరుపు ముద్దకట్టి, దానినుండి అమ్మోనియా వాసన బయలుదేరును. షెడ్డులో కాలిడగానే కండ్లు మండుచున్నచో దానికి గాలి చాలకపోవుటయే కాక మేత కూర్పు సరిగా లేకపోవుటయు కారణము కావచ్చును.

సోయాచెక్కకు ఇంత గిరాకి యేల? నూటికి 44 మొదలు 48 పాళ్ళ మాంసకృత్తులుండుట యొక కారణము. అందు లైసిను సుమారు 2.8 పాళ్ళుండుట అంతకంటె ముఖ్యమైన కారణము. మొక్కజొన్నలో లైసిను పావు పాలు మాత్రమే. ఒకదాని లోటును మఱియొకటి తీర్చును. మిథియోనిను మాత్రము సోయాలోను తక్కువయే. వేరుసెనగ చెక్కలో మాంసకృత్తులు నూటికి 42 వఱకు కలవు, అనగా సోయాకు ఇంచుమించు సమానము. కాని లైసిను ఒకటిన్నర పాలే. నువ్వుల చెక్కలో మాంసకృత్తులు 40, లైసిను ఒక పాలు. కాని మిథియోనిను సోయాలోకంటె ఇంచుమించు రెట్టింపు.

ఇప్పుడు లెక్క చూతము. మాటవరసకు సోయాచెక్క కిలో 45 రూపాయలు, వేరుసెనగ చెక్క 40 రూపాయలు అనుకొందము. మాంసకృత్తుల లెక్కను చూచినచో సోయాలో కిలో మాంసకృత్తులకు 100 రూపాయలు, వేరుసెనగలో 95 రూపాయలు పడును, వేరుసెనగయే చౌక. లైసిను లెక్కను చూచినచో సోయాలో కిలో లైసినుకు సుమారు 1600 రూపాయలు, వేరుసెనగలో 2660 రూపాయలు! బస్తాపై అచ్చువేసిన మాంసకృత్తుల అంకెను మాత్రమే చూచి కొనువాడు ఈ రెండవ లెక్కను చూడక మోసపోవుచున్నాడు.

అయినను వేరుసెనగను త్రోసివేయనక్కఱలేదు. పది కిలోల సోయా తీసి పది కిలోల వేరుసెనగ చెక్క వేసినచో లైసిను 130 గ్రాములు తగ్గును. బజారులో దొరకు లైసిను హైడ్రోక్లోరైడు పొడిలో నూటికి 78 పాళ్ళు అసలు లైసిను గనుక, 165 గ్రాముల పొడి ఈ లోటును పూడ్చును. ఆ పొడి కిలో 150 రూపాయలనుకొన్నచో 25 రూపాయల ఖర్చు; చెక్కలో మిగిలినది 50 రూపాయలు. లాభము కలదు, కాని కంటికి కనబడినంత లేదు. మిథియోనిను లోటు కొంత, థ్రియోనిను లోటు కొంత యుండును గాన, సోయాలో మూడవ వంతుకు మించి వేరుసెనగతో మార్చవలదని మా యభిప్రాయము. అది కూడ మూడు వారములు దాటిన కోళ్ళకే. పసిపిల్లల మేతలో ప్రయోగములు చేయరాదు. మొదటి మూడు వారములలో తగ్గిన పెరుగుదలను తరువాత ఎంత మేపినను పూర్తిగా రాబట్టుట కష్టము.

వేరుసెనగను గూర్చి అసలు భయము లైసినుకాదు, బూజు. 1960లో ఇంగ్లండు దేశమున లక్షకు పైగా టర్కీకోళ్ళు కొలది నెలలలో చచ్చెను. రోగమేదియో తెలియక దానికి 'ఎక్స్ వ్యాధి' యని పేరు పెట్టిరి. పరిశోధింపగా బ్రెజిలునుండి వచ్చిన వేరుసెనగ చెక్క కారణమని తేలెను. అస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను బూజు ఆ గింజలపై పెరిగి ఒక విషమును పుట్టించినది. బూజు పేరునుబట్టియే ఆ విషమునకు అఫ్లటాక్సిన్ అని పేరు వచ్చినది. ఇది పరదేశపు కథయని ఊరకుండుటకు వీలులేదు. 1982లో మన చిత్తూరు జిల్లాలోని కోళ్ళఫారములలోను ఈ విషమువలన పిల్లలు విరివిగా చచ్చినవి.

ఈ విషము చేనిలోనే మొదలగును. కాయ ముదురుచున్న దినములలో వాన లేక నేల యెండినచో బూజు కాయలోనికి చొచ్చును. అనంతపురము వంటి మెట్టప్రాంతములలో ఇది తఱచు. పెఱికిన తరువాత ముసురుపట్టి కాయ తడిసినచో మఱింత పెరుగును. తడి కాయలను కుప్పవేసినచో చెప్పనక్కఱయే లేదు. మంచి కాయలను రైతులు విత్తనమునకును తినుటకును ఏఱుకొని, ముడుతపడినవి, నల్లబడినవి గానుగకు పంపుట వాడుక. కావున గింజలలోని విషమంతయు చెక్కలోనికి చేరును. అది నూనెలోనికంటె చెక్కలోనే నిలిచిపోవును.

చెక్కను ఎండబెట్టినచో విషము పోవునని కొందఱనుకొందురు. పోదు. ఎండవలన బూజు చచ్చును గాని అది విడిచిన విషము చావదు. ఉడికించినను అంతే. పైకి బూజు కనబడని చెక్కలోను విషముండవచ్చును; గాన కన్నును ముక్కును నమ్మి లాభములేదు. మన దేశపు ప్రమాణముల సంస్థ బ్రాయిలరు మేతలో అనుమతించిన హద్దు వంద కోట్ల పాళ్ళకు 20 పాళ్ళు. ఒక టన్ను మేతలో 20 మిల్లీగ్రాములన్నమాట. చిటికెడు ఉప్పుకంటె ఎన్నో రెట్లు తక్కువ. ఇంతకు కొంచెము మించినప్పుడు కోళ్ళు వెంటనే చావవు. మేత తిని బరువు పెరుగవు. టీకాలు వేసినను సరిగా పట్టవు. కోసి చూచినచో కాలేయము పాలిపోయి పసుపువన్నెగా ఉబ్బియుండును. రైతు ఈ నష్టమును పిల్లల నాణ్యముపైననో వాతావరణముపైననో వేసి ఊరకుండును.

కావున వేరుసెనగ చెక్కను పరీక్ష చేయింపక కొనరాదు. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థవారు ఈ విషమును తక్కువ ఖర్చుతో కనిపెట్టు పరీక్షను రూపొందించిరి. తిరుపతిలోను, హైదరాబాదు రాజేంద్రనగరములోను పశువైద్య విశ్వవిద్యాలయములు కలవు. మేత పరీక్షనుగూర్చి అచ్చటను విచారింపవచ్చును. నమూనా తీయుటలో ఒక మెలకువ కలదు. విషము చెక్క యంతటను సమముగా ఉండదు. వేయి గింజలలో రెండు మూడు గింజలయందే గుమిగూడియుండును. ఒక్క బస్తానుండి గుప్పెడు తీసి పంపినచో ఫలితము వట్టి జూదమగును. కనీసము పది బస్తాలనుండి, పైనుండియు అడుగునుండియు కొంచెము కొంచెముగ తీసి, అంతయు కలిపి పొడిచేసి, అందులో నుండి నమూనా పంపవలయును. ఒక్కొక్క సభ్యుడు వేఱువేఱుగా పరీక్ష చేయించుకొనుట ఖర్చు. పదిమంది కలిసి ఒకే లోడు కొని ఒక్క పరీక్ష చేయించినచో బస్తాకు పడు భారము లెక్కకు రాదు. సంఘముండుట ఇందుకే.

నువ్వుల చెక్క మంచి తోడు, కాని మంచి ఆధారము కాదు. దానిలోని మిథియోనిను సోయాకు ఉపకరించును. పొట్టు తీయని నువ్వులలో ఆక్సాలిక్ ఆమ్లమును ఫైటిక్ ఆమ్లమును ఉండి సున్నమును, జింకును పట్టి యుంచును; గనుక నూటికి మూడు నాలుగు పాళ్ళతో తృప్తిపడవలయును. పొద్దుతిరుగుడు చెక్కలో విషమేమియు లేదు. పొట్టు పీచు ఎక్కువ. బ్రాయిలరు పొట్ట చిన్నది, ఆకలి పెద్దది. పీచుతో పొట్ట నింపినచో బరువు రాదు. కడపటి మూడు వారములలో నూటికి అయిదు మొదలు ఎనిమిది పాళ్ళ వఱకు వేయవచ్చును. గోరుచిక్కుడు చెక్కలో మాంసకృత్తులు మిక్కుటమే గాని, మిగిలిపోయిన జిగురువలన రెట్ట అంటుకొని తోక క్రింద పేరుకొనును.

పత్తిగింజల చెక్క తెలంగాణమున చౌకగ దొరకును. పశువులకు వేయు చెక్కలో పైపెంకు, దూది కలిసియుండును. అది కోళ్ళకు పనికిరాదు. పెంకు తీసిన చెక్కలోను గాసిపాల్ అను విషపదార్థము కలదు. నెమరు వేయు పశువు తన పొట్టలో దానిని చాలవఱకు అణచుకొనును. కోడికి ఆ శక్తి లేదు. అన్నభేది కలిపినచో అందలి యినుము గాసిపాలును పట్టివేయును. కాని ఎంత గాసిపాలు కలదో పరీక్షలో తెలియనిదే ఎంత అన్నభేది వేయవలయునో చెప్పలేము. చెక్క మీద మిగులు నాలుగు రూపాయలకు ఇంత శ్రమ తగునా యని రైతే ఆలోచించుకొనవలయును.

ఎండుచేపలపై మన కోస్తావారికి గట్టి నమ్మకము. ఆ నమ్మకమునకు ఆధారము లేకపోలేదు. మంచి చేపపొడిలో లైసిను, మిథియోనిను రెండును సమృద్ధి. కాని ఇసుకలో ఎండబెట్టిన చేపలో ఇసుక, చెడిపోకుండ వేసిన ఉప్పు కోళ్ళ పాలబడును. మేతలో ఉప్పు మొత్తముమీద నూటికి మూడవ వంతు పాలుండిన చాలును. మించినచో కోళ్ళు అదేపనిగా నీళ్ళు త్రాగి, పరుపు తడిసి, పిల్లల కడుపులలో నీరు చేరును. గాజుగ్లాసెడు నీళ్ళలో పొడిని కలిపి కొంతసేపు ఉంచినచో ఇసుక అడుగునకు దిగి కనబడును.

ఇంతకంటె ఘోరమైన మోసము యూరియా కలుపుట. రసాయనశాలలో మాంసకృత్తులను నేరుగా తూచరు. నత్రజనిని కొలిచి దానిని 6.25చే హెచ్చవేయుదురు. యూరియాలో నత్రజని నూటికి 46 పాళ్ళు. కావున చేపపొడిలో నాలుగు పిడికెళ్ళ యూరియా కలిపినచో కాగితముపై మాంసకృత్తులు పెరిగిపోవును. కోడికి మాత్రము ఒక్క గ్రామైనను ముట్టదు. దీనిని ఇంటివద్దనే కనిపెట్టవచ్చును. పచ్చి సోయాగింజల పిండిలో యూరియాను విఱుగగొట్టి అమ్మోనియాగా మార్చు పదార్థమొకటి కలదు. రెండు సీసాలలో సమానముగ చేపపొడి వేసి గోరువెచ్చని నీరు పోయుడు. ఒకదానిలో మాత్రము రెండు చెంచాల పచ్చి సోయాపిండి వేసి, రెండిటికిని బిరడాలు బిగించి అరగంట ఉంచుడు. సోయాపిండి వేసిన సీసాలో మాత్రమే అమ్మోనియా ఘాటు వచ్చినచో యూరియా కలిసినట్లే. రెండిటను సమానముగ వచ్చినచో చేప కుళ్ళినదని యర్థము; అదియు కొనదగదు.

పచ్చి సోయా మాట వచ్చినది గాన చెప్పుచున్నాము. ఆదిలాబాదు, నిర్మలు ప్రాంతముల రైతులు తమ చేనిలో పండిన సోయాగింజలనే దంచి కోళ్ళకు వేయుట కలదు. వేయింపని సోయాగింజ మాంసకృత్తులను అరుగనీయదు. కోడి క్లోమము ఉబ్బును, పెరుగుదల నిలిచిపోవును. వేడివలన ఈ దోషము పోవునని 1917లోనే అమెరికాలో ఆస్‌బర్ను, మెండెలు అను శాస్త్రజ్ఞులు ఎలుకలపై నిరూపించిరి. ఉడికించిగాని వేయించిగాని వేయవలయును. మాడ్చినచో లైసిను చెడును.

పట్టు పరిశ్రమగల హిందూపురము, మదనపల్లె ప్రాంతములవారికి మఱియొక వస్తువు చేరువలో కలదు. పట్టుగూళ్ళను వేడినీటిలో వేసి దారము తీసిన తరువాత లోపలి పురుగు మిగులును. ఎండబెట్టిన ఈ పురుగులో సగము మాంసకృత్తులు, పావువంతు కొవ్వు. లైసినును, మిథియోనినును దీనిలో సోయాకు తీసిపోవు. మాకు తెలిసిన స్థానిక వస్తువులలో సోయాకు నిజముగ ప్రతిగా నిలువగలది ఇదియే. దీని లోపమంతయు కొవ్వులో నున్నది. తడి పురుగు ఒక్క పూటలో కుళ్ళును. ఎండినదియు కొలది వారములలో కారెక్కి కంపుకొట్టును. ఆ కంపు కోడిమాంసమునకు పట్టును. దారము తీసిననాడే పలుచగా పఱచి ఎండబెట్టి, వీలైనచో గానుగలో కొవ్వు పిండించి, నూటికి అయిదు పాళ్ళకు మించకుండ వేసి, అమ్ముటకు వారము ముందు మానివేయుట మేలు.

నల్ల సైనికఈగ పురుగులనుగూర్చి నేడు చాల వినబడుచున్నది. కుళ్ళిన కూరగాయలపైనను, వంటయింటి వ్యర్థములపైనను ఈ ఈగ పిల్లపురుగులు పెరుగును. ఎండబెట్టగా నూటికి 40 పాళ్ళ మాంసకృత్తులు కలవు. ఐరోపా సమాఖ్యవారు 2021లో కోళ్ళ మేతలోను పందుల మేతలోను పురుగుల మాంసకృత్తులను అనుమతించిరి. పదార్థము మంచిదే. వెల ఇంకను సోయాతో పోటీపడునట్లు లేదు. ఇంటి వెనుక నూఱు నాటుకోళ్ళున్నవాడు పెంచి చూడవచ్చును. అయిదువేల బ్రాయిలర్లవాడు దీనిపై ఆధారపడలేడు.

అజొల్లాకును ఇదే మాట. కిలో పచ్చి అజొల్లాలో 930 గ్రాములకు పైగా నీరే. మిగిలిన 60, 70 గ్రాములలో మాంసకృత్తులు సుమారు 15 గ్రాములు. ఇంత 33 గ్రాముల సోయాచెక్కలోనే కలదు. బ్రాయిలరు కిలో అజొల్లాను తిని అరిగించుకొనగలదా?

ఇథనాలు కర్మాగారములనుండి వచ్చు ఎండు మడ్డిని వ్యాపారులు డీడీజీఎస్ అందురు. 2025లో మన దేశమున పెట్రోలులో నూటికి 20 పాళ్ళ ఇథనాలు కలుపు స్థితి వచ్చుటతో ఈ మడ్డి విరివిగా దొరకుచున్నది. నూకలనుండి వచ్చినదానిలో మాంసకృత్తులు 40 దాటును. మొక్కజొన్న మడ్డిలో 26 మొదలు 30. లైసిను తక్కువ, ఎండబెట్టునప్పుడు మాడినచో ఉన్నదియు చెడును. నల్లబడిన మడ్డిని కొనరాదు. గింజలోని పిండియంతయు సారాయమై పోవుటచే, గింజలో బూజువిషమున్నచో మడ్డిలో అది ఇంచుమించు మూడు రెట్లు చిక్కనగును. వేరుసెనగకు చెప్పిన పరీక్ష దీనికిని తప్పదు.

ఆముదపు పిండి, వేపపిండి, కానుగపిండి చేలకు ఎరువులే గాని కోళ్ళకు మేత కావు. ఆముదపు పిండిలోని రిసిన్ ప్రాణాంతకము. మేత కలుపు గదిలో ఆ బస్తాలను ఉంచనే యుంచరాదు.

మూడు వారములు దాటిన కోళ్ళకు మేము సూచించు కూర్పు ఒకటి వ్రాయుచున్నాము. నూఱు కిలోలకు మొక్కజొన్న 60, సోయాచెక్క 22, పరీక్షించిన వేరుసెనగ చెక్క 8, నువ్వుల చెక్క 3, నూనె 3 కిలోలు. మిగిలిన నాలుగు కిలోలలో డైకాల్షియం ఫాస్ఫేటు, సున్నపురాయి పొడి, ఉప్పు, ఖనిజ విటమినుల మిశ్రమము, 200 గ్రాముల లైసిను పొడి, తగినంత మిథియోనిను చేరవలయును. దీనిలో మాంసకృత్తులు సుమారు 20 పాళ్ళు, లైసిను ఒక పాలునకు కొంచెము పైన వచ్చును.

క్రొత్త కూర్పును ఒక్కసారిగ షెడ్డంతటికి వేయవలదు. ఒకే దినమున వచ్చిన పిల్లలలోనుండి ఇరువదియొకటవ దినమున నలువదింటిని ఏఱి, ఇరువదేసి చొప్పున రెండు గూళ్ళలో, ఒకే షెడ్డులో, ఒకే గాలి వెలుతురులో ఉంచుడు. ఒక గూటికి పాత మేత, రెండవదానికి క్రొత్త మేత. వేసిన మేతను, మిగిలిన మేతను ప్రతిదినము తూచి వ్రాయుడు; వారమునకొకసారి కోళ్ళను తూచుడు. కడపట ఒక్కొక్క గూటిలో కిలో బరువు పెరుగుటకు ఎన్ని రూపాయల మేత పట్టినదో లెక్కకట్టుడు. తూకపు చీట్లను సంఘ కార్యాలయమున ఇచ్చినచో, ఏ చెక్కతో ఏ యూర ఏమి వచ్చినదియు ఈ పత్రికలోనే ప్రకటింతుము.